పిలిస్తే వచ్చినవాడు

ఒక ఊళ్లో మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు ప్రతి ఇంటి యజమానీ గుమ్మంలోకి వచ్చి వీధిలోకి ఒక పిలుపు పిలవాలి. "తినాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే రండి! మాతోపాటు రెండు ముద్దలు తిని వెళ్లండి!" అనాలి. వీధిలో ఉన్నవాళ్లు, "ఇప్పుడే తిన్నామండీ, మీరు కానివ్వండి" అనాలి. అప్పుడు తలుపేసుకుని తినాలి. అదీ ఆ ఊరి ఆచారం.

అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఎవరైనా నిజంగా లోపలికి వచ్చి తిన్నట్టు కూడా ఎవరికీ జ్ఞాపకం లేదు. అలా రావడమనేది ఒకటుంటుందని ఎవరికీ తోచనే లేదు. పిలుపంటే పిలుపు, అన్నమంటే అన్నం. రెండింటికీ మధ్య తలుపు ఉంది కదా మరి!

పిలవడానికి ఎంత పద్ధతి ఉండేదో జవాబు చెప్పడానికీ అంత పద్ధతి ఉండేది. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనివాడు కూడా, ఆ వేళప్పుడు వీధిలోకి రావలసి వస్తే, తమలపాకు నమిలి పెదాలు ఎర్రగా చేసుకుని మరీ వచ్చేవాడు. కొందరు కుడిచెయ్యి తడుపుకుని, అప్పుడే కడుక్కున్నట్టు పంచెకి తుడుచుకుంటూ నడిచేవారు. ఒకాయనైతే త్రేన్చడంలో ఎంత నేర్పరంటే, ఆ చప్పుడు విని ఆయన ఏం కూర తిన్నాడో జనం ఊహించి చెప్పుకునేవారు. పాపం, ఆయనింట్లో ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో!

ఈ ఊళ్లో అందరికంటే గొప్పగా పిలిచేవాడు ఒకాయన ఉండేవాడు. ఆయనకీ ఒక పేరు ఉండే ఉంటుంది. కాని ఊరంతా పిలుపాయన అనేవారు, అదే నిలిచిపోయింది.

ఆయన గుమ్మంలోకి వచ్చాడంటే నడిచేవాళ్లు ఆగిపోయేవారు. పై కండువా సర్దుకుని, రెండు చేతులూ చాచి, "రండి నాయనా, రండి తల్లీ! ఇది నా ఇల్లు కాదు, మీ ఇల్లు! మీరు తినకుండా నాకు ముద్ద దిగదు!" అనేవాడు. ఆ 'దిగదు' దగ్గర గొంతు కొంచెం వణికేది. ఆ వణుకు వినడానికే పక్క వీధి ఆడవాళ్లు పని ఆపుకుని వచ్చేవారు. కళ్లొత్తుకునేవారు. "ఏం మనసండీ!" అనుకుంటూ ఇళ్లకి వెళ్లేవారు. ఆయన తలుపేసుకుని లోపలికి వచ్చి కడుపునిండా తినేవాడు. ముద్ద బ్రహ్మాండంగా దిగేది.

ఇందులో తను అబద్ధమాడుతున్నానని ఆయన ఏనాడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే, తనంత అన్నం పెట్టే చెయ్యి ఊళ్లో ఇంకొకటి లేదనే ఆయన నమ్మకం. ఇంట్లో ఇల్లాలు మాత్రం సరిగ్గా ఇద్దరికి సరిపడా వండేది. మూడో మనిషికి మెతుకు మిగలదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా, ఈ రెండు సంగతులూ ఆయన బుర్రలో ఎప్పుడూ ఎదురుపడలేదు.

పక్కింట్లో ఒక బావ ఉండేవాడు. వరసకి బావే గాని, పిలుపు దగ్గరికి వచ్చేసరికి పోటీదారు. ఆయనది కొంచెం ముక్కుతో పిలిచే పిలుపు. రోజూ వీళ్లిద్దరూ గోడకి చెరోపక్కా నిలబడి ఒకరినొకరు పిలుచుకునేవారు.

"బావా, రావోయ్, రెండు ముద్దలు తిందువుగాని!"

"ఇప్పుడే తిన్నాను బావా! నువ్వే రా మా ఇంటికి!"

"నేనూ ఇప్పుడే తిన్నాను!"

అని ఇద్దరూ తినడానికి లోపలికి వెళ్లేవారు.

ఏటా కొత్త బియ్యం ఇళ్లకి చేరాక ఊరంతా సంత మైదానంలో పోగయ్యేది. ఒక మనిషి ఎత్తుబల్ల మీద నిలబడి ఊరందరి తరఫునా లోకానికంతటికీ ఒకే పిలుపు పిలిచేవాడు. దాన్ని తొలిపిలుపు అనేవారు. జనమంతా ఒక్క గొంతుతో "ఇప్పుడే తిన్నాం!" అని జవాబు చెప్పి, ఎవరిళ్లకి వాళ్లు పోయి కొత్తన్నం తినేవారు. చాలా ఏళ్లు తొలిపిలుపు పిలిచిన ముసలాయన ఆ ఏడు కాలం చేశాడు. ఆ చోటు ఖాళీ అయింది.

పిలుపాయనకి లోకంలో ఇంకే కోరికా లేదు. ఆ బల్ల మీద ఒక్కసారి నిలబడితే చాలు. ఊరి పెద్దలు కూడా, "నువ్వు కాకపోతే ఇంకెవరయ్యా?" అని దాదాపుగా మాటిచ్చేశారు. పక్కింటి బావ మొహం ముడుచుకుని, "మంచిదే, మంచిదే. నాకంటే ఎక్కువ సంతోషం ఎవరికీ ఉండదు" అన్నాడు.

ఇలా ఉండగా ఒకనాడు మధ్యాహ్నం పిలుపాయన గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడు. వీధి చివర నుంచి ఒక కొత్త మనిషి వస్తున్నాడు. భుజానికి సంచి, చేతిలో గొడుగు. కొండ అవతలి మనిషిలా ఉన్నాడు. కొత్తవాడు వింటున్నాడు కదా అని పిలుపాయన గొంతు ఇంకాస్త పెంచాడు. 'దిగదు' దగ్గర రెండుసార్లు వణికించాడు.

కొత్త మనిషి ఆగాడు. ఆయన మొహంలోకి చూశాడు.

"సరే" అన్నాడు.

పిలుపాయనకి అర్థం కాలేదు. "ఏమన్నారు?"

"సరే అన్నానండీ. పొద్దున్నుంచి నడుస్తున్నాను. మంచివేళకి పిలిచారు. కాళ్లు ఎక్కడ కడుక్కోమంటారు?"

వీధిలో ఒక్కరూ కదల్లేదు. త్రేన్చబోయిన ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పక్కింటి బావ గోడ మీంచి మెడ చాచాడు.

పిలుపాయన వెనక్కి తిరిగి తన తలుపు వంక చూశాడు. అది తెరిచే ఉంది. అది అంత వెడల్పయిన తలుపని ఆయనకి ఆ రోజే తెలిసింది. ఊరంతా చూస్తోంది. "అ... అదిగో, ఆ గోళెం దగ్గర కడుక్కోండి" అన్నాడు.

లోపల ఇల్లాలు రెండాకులు వేసి కూర్చుంది. గుమ్మంలో మూడో మనిషి నీడ చూసి లేచి నిలబడింది.

"ఎవరండీ ఈయన?"

"నేను పిలిచాను."

"అది తెలుసు. ఎందుకొచ్చాడు?"

"పిలిచానని."

ఆవిడ మొగుడి మొహం వంక చూసింది, కొత్త మనిషి వంక చూసింది, గిన్నె వంక చూసింది. మొగుడి ఆకు ముందు కొత్త మనిషిని కూర్చోబెట్టి వడ్డించింది. ఆయన చక్కగా, నెమ్మదిగా, ఆకులో మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పిలుపాయన స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఇల్లాలు తన ఆకులోది సగం తీసి, "మీరూ కూర్చోండి" అంది.

"నేనిప్పుడే తిన్నాను" అన్నాడు పిలుపాయన.

తన ఇంట్లో, తన భార్యతో, కడుపు నకనకలాడుతుండగా ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. నోటికి అలవాటైపోయింది, అంతే.

కొత్త మనిషి చెయ్యి కడుక్కుని సంచి తీసుకున్నాడు. "వెళ్లొస్తానండీ" అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాడు పిలుపాయన. ఆ సంతోషంలో వెనకా ముందూ చూసుకోలేదు. "అయ్యో, అప్పుడే ఏం వెళతారండీ! నాలుగు రోజులు ఉండండి. మీ ఇల్లే అనుకోండి!" అన్నాడు.

కొత్త మనిషి ఒక్క క్షణం ఆలోచించాడు. "సరే" అని సంచి మళ్లీ చిలక్కొయ్యకి తగిలించాడు.

అలా ఉండిపోయాడు.

చెడ్డవాడని ఎవరూ అనడానికి లేదు. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేవాడు, నీళ్లు తోడేవాడు. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎవరు ఏం చెప్పినా ఆ మాటని ఉన్నదున్నట్టు పుచ్చుకునేవాడు.

పక్కింటి బావ గోడ మీంచి పలకరించి, "మీరు మా బావ ఇంటి చుట్టం అంటే మాకూ చుట్టమే. మా ఇంట్లో ఏది కావాలన్నా మొహమాటం లేకుండా తీసుకెళ్లండి" అన్నాడు.

"సరే" అన్నాడు ఆయన. సాయంత్రానికి బావ ఇంటి కొత్త నిచ్చెన పిలుపాయన ఇంటి చూరుకి ఆని ఉంది. కొత్త మనిషి దానిమీద ఎక్కి పెంకులు సర్దుతున్నాడు.

వీధి చివరి ఇంటి ఆవిడ, "మీరు వింటానంటే రోజంతా పాడతాను, నాకేం శ్రమ?" అంది. ఆయన సరేనని అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ దీపాలు పెట్టేవేళ దాకా పాడింది. మర్నాడు ఆవిడకి గొంతు లేదు.

ఒక పెద్దమనిషి, "నాలో తప్పేమైనా ఉంటే మొహం మీదే చెప్పాలి, అలా చెప్పేవాళ్లంటేనే నాకిష్టం" అన్నాడు. కొత్త మనిషి సరేనని ఉన్న తప్పులన్నీ చెప్పాడు. ఆ పెద్దమనిషి ఆ తర్వాత చాలా రోజులు తలుపు తియ్యలేదు.

ఊరికి భయం పట్టుకుంది. ఆయన ఎదురైతే జనం నోరు మూసుకునేవారు. బాగున్నారా అని అడగడానికి కూడా జంకేవారు. నిజంగా ఎలా ఉన్నాడో చెబుతాడని! ఇక మధ్యాహ్నం పిలుపుల సంగతి చెప్పక్కర్లేదు. గుమ్మంలోకి వచ్చి పిలిస్తే, ఏ మూల నుంచి "సరే" అంటాడో! ఒక్కొక్క ఇల్లే పిలుపు మానేసింది. కొన్నాళ్లకి మధ్యాహ్నమయ్యేసరికి వీధంతా తలుపులు మూసుకుని దొంగల్లా తినడం మొదలుపెట్టింది. అన్నం అదే, కూర అదే. కాని ఎవరికీ రుచి తెలియడం లేదు. పిలవకుండా తింటే తిన్నట్టే లేదని బాధపడ్డారు.

ఊరి పెద్దలు పిలుపాయన ఇంటికి వచ్చారు.

"ఏమయ్యా, ఏం మనిషిని తెచ్చిపెట్టావు?"

"నేను తేలేదండీ. పిలిచానంతే."

"పిలవడం మేమూ పిలుస్తాం. ఎవడైనా వచ్చాడా? నీ పిలుపులోనే ఏదో తేడా ఉండి ఉంటుంది" అన్నాడు ఒక పెద్ద.

ఈ మాట పిలుపాయనకి ఎటూ తేలలేదు. తన పిలుపు బాగున్నందుకు వచ్చాడా? బాగాలేనందుకు వచ్చాడా?

"చూడు, కొత్త బియ్యం వచ్చేస్తున్నాయి" అన్నాడు ఇంకో పెద్ద. "ఆ రోజున మైదానంలో ఊరంతా ఉంటుంది. నువ్వు బల్లెక్కి పిలవగానే ఇతగాడు 'సరే' అన్నాడనుకో, ఊరి పరువేం కాను? ఆ రోజుకల్లా వాణ్ణి సాగనంపు. లేకపోతే తొలిపిలుపు మీ బావకి ఇచ్చేస్తాం."

అదండీ సంగతి. ఒక్క మాట. 'వెళ్లండి' అని ఒక్క మాట అంటే బల్ల తనది. అనకపోతే బావది.

పిలుపాయన ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు. గొంతులో దానికి దారే లేదు. అయినా ప్రయత్నించాడు. పొద్దున్నే పెరట్లో గేదె ముందు నిలబడి, "వెళ్లండి, వెళ్లండి" అని అలవాటు చేసుకున్నాడు. గేదె ముందు బాగానే వచ్చింది. లోపలికి వెళ్లి కొత్త మనిషి ఎదుట నిలబడ్డాడు.

"వె... వె..."

"ఏమిటండీ?"

"వెన్న వేసుకుంటారా?"

"సరే" అన్నాడాయన.

ఇంట్లో ఉన్న కాస్త వెన్నా అయిపోయింది.

ఇలా కాదని దారి మార్చాడు. "మీ ఊళ్లో మీకోసం ఎదురుచూస్తుంటారేమో!"

"లేదండీ, నాకెవరూ లేరు."

"పాపం, మా ఇల్లు ఇరుకు. మీకు ఇబ్బందిగా ఉందేమో."

"నాకేం ఇబ్బంది లేదండీ. మీకేమైనా ఇబ్బందా?"

ఇదిగో, ఇక్కడ చెప్పెయ్యాలి. తలుపు తెరిచి పెట్టినట్టు అడిగాడు కదా! పిలుపాయన నోరు తెరిచాడు. "ఛ ఛ! ఎంతమాట! మీరుంటే మాకు కొండంత అండ!" అన్నాడు.

వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడైంది. ఇల్లాలు పడేసిందో, దానంతటదే పడిందో!

ఆ మధ్యాహ్నం పిలుపాయన ఇంట్లో ఉండలేక బయటపడ్డాడు. చాలా రోజులుగా సగం కడుపే తింటున్నాడు. ఆ పూట అదీ లేదు. వీధులన్నీ తలుపులు మూసుకుని ఉన్నాయి. తిరిగి తిరిగి ఊరి చివరికి వచ్చాడు. అక్కడొక పాకలో ముసలమ్మ ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. ఊరంతా మానేసిన పిలుపు ఆవిడ మాత్రం మానలేదు. ఆవిడది గొప్ప పిలుపేమీ కాదు. వణుకూ లేదు, రాగమూ లేదు. గుమ్మంలో చతికిలబడి, "అన్నం తింటావా నాయనా?" అని అడిగింది.

లోపలి నుంచి వేడి అన్నం వాసన, చింతచిగురు పప్పు వాసన వస్తున్నాయి. పిలుపాయన కాళ్లు ఆగిపోయాయి.

"ఇప్పుడే తిన్నానమ్మా" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "నువ్వూ తినే వచ్చావా!" అంది. "ఏమిటో నాయనా, ఈ ఊళ్లో అందరూ తినే వస్తారు. నేను మాత్రం రోజూ ఇద్దరికి వండుతాను. ఒకళ్లది తీసుకెళ్లి కుక్కకి పెడతాను."

"ఇద్దరికా? రెండోవాళ్లు ఎవరమ్మా?"

"ఎవరేమిటి? పిలుస్తున్నాను కదా!"

పిలుపాయనకి తల తిరిగినట్టయింది. ఇన్నేళ్లూ ఈవిడ నిజంగానే పిలుస్తోందా? మరి ఇన్నేళ్లూ ఈ దారిన పోయినవాళ్లంతా ఏం చేసినట్టు? వాళ్లలో ఎంతమంది ఖాళీ కడుపుతో పోయి ఉంటారు? తన గుమ్మం ముందు త్రేన్చుకుంటూ పోయినవాళ్ల సంగతేమిటి? పిలిచినవాడు అబద్ధమా, రానన్నవాడు అబద్ధమా? ఇద్దరూ అయితే, మధ్యలో ఆ కళ్లొత్తుకున్న ఆడవాళ్లు దేనికి ఏడ్చినట్టు?

"అమ్మా, నేను..." అన్నాడు. 'తినలేదు' అనాలి. చిన్నమాట. అదీ రాలేదు. "నేను మళ్లీ వస్తాను" అన్నాడు. ఆవిడ నవ్వి లోపలికి వెళ్లింది. కాసేపటికి వెనకవైపు కుక్కని పిలవడం వినబడింది. కుక్క మాత్రం ఒక్క పిలుపుకే పరిగెత్తింది.

ఆయన అక్కడే, ఎండలో, ఎంతసేపు నిలబడ్డాడో!

కొత్త బియ్యం రోజు వచ్చేసింది. పొద్దున్నే ఇల్లాలు కొత్త బియ్యం కడుగుతోంది. కొత్త మనిషి వాకిలి ఊడ్చి చీపురు పక్కన పెట్టాడు. పిలుపాయన బయటికి వచ్చి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. గేదె ముందు నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు. అందుకే కాబోలు, మాట వచ్చేసింది.

"అయ్యా, నేను మిమ్మల్ని పిలవలేదు. పిలిచినట్టు పిలిచాను. మా ఇంట్లో ఇద్దరికే వండుతాం. మీరొచ్చినప్పటి నుంచీ మా ఇద్దరికీ కడుపు నిండట్లేదు. మీరు వెళ్లిపోతే బాగుండు."

అనేసి తలవంచుకున్నాడు. ఆకాశం విరిగి నెత్తిన పడుతుందనుకున్నాడు.

"సరే" అన్నాడు కొత్త మనిషి.

కోపం లేదు, నొచ్చుకోవడం లేదు. లోపలికి వెళ్లి సంచి, గొడుగు తెచ్చుకున్నాడు. ఇల్లాలికి దణ్ణం పెట్టాడు. "మొదటి రోజే చెబితే సరిపోయేది కదండీ! నేను మీకు నచ్చాననుకున్నాను" అన్నాడు.

"నచ్చారు" అన్నాడు పిలుపాయన. ఆ మాట అనుకోకుండా వచ్చింది. వచ్చాక చూసుకుంటే అదీ నిజమే! పొమ్మన్నదీ నిజమే, నచ్చాడన్నదీ నిజమే. రెండూ ఒక్క నోట్లో ఎలా పట్టాయో ఆయనకి అంతుపట్టలేదు. కొత్త మనిషి మాత్రం రెండింటికీ కలిపి ఒక్కసారి తలూపి కొండ దారి పట్టాడు.

మైదానం కిటకిటలాడుతోంది. తలుపులు మూసుకుని తిని తిని మొహం వాచిపోయిన జనం కదా, పిలుపు కోసం చెవులు కోసుకుంటున్నారు. పెద్దలు పిలుపాయన భుజం తట్టి, "పంపించావుట! శభాష్!" అని ఎత్తుబల్ల ఎక్కించారు. కింద పక్కింటి బావ చేతులు కట్టుకుని, పెదాలు బిగించి నిలబడ్డాడు.

పిలుపాయన కండువా సర్దుకున్నాడు. చేతులు చాచాడు. తను కోరుకున్న బల్ల, కోరుకున్న జనం. "రండి నాయనా" అనబోయాడు.

బల్ల మీంచి చూస్తే అందరి మొహాలూ కనబడుతున్నాయి. ఎర్రటి పెదాలు, తడిచేతులు. ఆ ఎరుపు కింద ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో తెలియడం లేదు. ఎంత చూసినా తెలియడం లేదు. ముందు అది తెలిస్తే గాని పిలుపు బయటికి వచ్చేలా లేదు.

"మీలో..." అన్నాడు. గొంతు వణికింది. ఈసారి ఆయన వణికించలేదు. "మీలో నిజంగా తిననివాళ్లు ఎంతమంది?"

అంత బూతు మాట ఆ మైదానం ఎన్నడూ వినలేదు. తల్లులు పిల్లల చెవులు మూశారు. త్రేన్చే ఆయన నేల చూపులు చూశాడు. "దింపండి! దింపండి!" అని ఎవరో అరిచారు. అరిచిన గొంతు చాలా నీరసంగా ఉంది. పెద్దలు ఆయన చెయ్యి పట్టి కిందికి లాగి, ఆ చేత్తోనే బావని పైకి ఎక్కించారు. బావ ముక్కుతో అందుకున్నాడు. "రండి నాయనా, రండి తల్లీ!" జనం తేరుకున్నారు. పిలుపాయన జనాన్ని తోసుకుంటూ ఇంటిదారి పట్టాడు. వెనక నుంచి, "ఇప్పుడే తిన్నాం!" అని ఊరంతా ఒక్కసారిగా అన్న చప్పుడు వచ్చి వీపుకి తగిలింది.

ఇంట్లో ఇల్లాలు ఆకులు వేసి కూర్చుని ఉంది.

"బల్ల పోయింది" అన్నాడు.

"పోతే పోయింది. కూర్చోండి."

"పిలవలేకపోయాను."

"తినగలరా?"

"తినగలను. ఆకలేస్తోంది."

ఆవిడ చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట ఆవిడ వినలేదు. వడ్డించింది. ఇద్దరికీ సరిగ్గా సరిపోయింది.

రెండు ముద్దలు తిన్నారో లేదో, పెరటివైపు అడుగుల చప్పుడైంది. పక్కింటి బావ. తొలిపిలుపు పిలిచినవాడికి వేసే పూలదండ మెడలో అలాగే ఉంది. మొహం మాత్రం వాడిపోయింది.

"ఏం బావా, ఎలా జరిగింది?" అన్నాడు పిలుపాయన.

"బ్రహ్మాండంగా."

"ఎంతమంది వచ్చారు?"

"ఒక్కడూ రాలేదు." బావ వాళ్ల ఆకుల వంక చూసి, చటుక్కున కళ్లు తిప్పుకున్నాడు. "మా ఇంట్లో అందరూ మైదానంలోనే ఉండిపోయారు. దండలు, దణ్ణాలు, అవీ ఇవీ. పొయ్యి వెలిగించలేదు." మెడలో దండ సర్దుకున్నాడు. "బల్ల మీద నువ్వు అడిగావే..."

"ఊ."

"నేను తినలేదు బావా."

అన్నాక తన మాటకి తనే బెదిరినట్టు చుట్టూ చూశాడు.

పిలుపాయన గిన్నెలోకి చూశాడు. "చూడు బావా, ఇద్దరికే ఉంది. నిజంగా ఇద్దరికే. నీకు పెడితే మాకు చాలదు."

"తెలుస్తూనే ఉంది" అని బావ దండ తీసి పక్కన పెట్టి, పిలుపాయన పక్కన నేలమీద చతికిలబడ్డాడు. పిలుపాయన కోపంగా ఆయన వంక చూసి, కోపంగానే కొంచెం జరిగి చోటిచ్చాడు. ఇల్లాలు లేచి మూడో ఆకు తెచ్చింది. మూడు ఆకుల్లోకీ కొంచెం కొంచెంగా సర్దింది.

బావ పులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"పులుపు ఎక్కువైంది అక్కయ్యా."

ఆ ఊళ్లో ఒక ఇంటి పులుసు గురించి ఇంకో ఇంటి మనిషి ఇలాంటి మాట అనడం అదే మొదలు.

"ఎక్కువైతే మానెయ్, నిన్నెవరు రమ్మన్నారు?" అంది ఆవిడ. అంటూనే ఇంకో గరిటెడు ఆయన ఆకులో పోసింది.

బావ తింటున్నాడు. పిలుపాయన ముద్ద చేతిలోనే పట్టుకుని, ఒకసారి ఆవిడ నోటి వంక, ఒకసారి గరిటె వంక, మళ్లీ నోటి వంక చూస్తూ కూర్చున్నాడు.